ఒకటి దాటాక ఇరవై ఐదు గీతలు

దాన్ని పరీక్ష అనకూడదట. స్థాయి అంచనా అనాలట. పేరు మార్చినంత మాత్రాన పిల్లల గుండె దడ తగ్గుతుందా? కేతేపల్లికి ఇవతల హైవే పక్కనున్న మా ఊరి బడిలో, ఆ ఉదయం ఏడో తరగతి గది బిక్కుబిక్కుమంటూ ఉంది. నిష్పత్తులు, భిన్నాలు, దశాంశాలు, సగటు, పటాలు అన్నీ కలిపి ఒకటే కాగితం. నల్లగొండ నుంచి వచ్చిన పరిశీలకుడు పరమేష్ తలుపు దగ్గర కుర్చీ వేసుకుని, ట్యాబు ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాడు.

"లక్ష్మీనర్సమ్మ మేడం, మీరు తిరుగుకుంట చూడొచ్చు. కని పిల్లలతోని మాట్లాడొద్దు" అన్నాడు. "ఒప్పయితే ఒకటి, తప్పయితే సున్న. ఎందుకు తప్పు రాసిండ్రో మనకు అక్కర్లేదు."

అక్కర్లేదట! తల నెరిసేదాకా లెక్కలు చెప్పిన దాన్ని. పిల్లలు రాసిన తప్పులో ఎప్పుడూ ఒక దారి ఉంటుంది, అది పట్టుకుంటేనే దిద్దడం కుదురుతుంది. ఆ మాట నాలుక చివరిదాకా వచ్చింది. మెమోలంటే భయం లేకపోయినా పిల్లల ముందు గొడవ ఎందుకని మింగేసి బెంచీల మధ్య తిరగడం మొదలుపెట్టాను.

మూడో బెంచీ చివర సుస్మిత కూర్చుంది. గొర్లకాపరి గుర్వయ్య కూతురు. పొద్దున దొడ్డి ఊడ్చి వస్తుంది కాబట్టి రోజూ ఆలస్యమే, రోజూ నా చేత తిట్లే. కానీ లెక్కల్లో ఈ తరగతిలో దాని తర్వాతే ఎవరైనా. నిష్పత్తులు చకచకా చేసేసింది. సగటు కూడా తప్పు లేదు. నాకు లోలోపల గర్వంగా ఉంది. ఇంతలో అది దశాంశాల ప్రశ్న దగ్గరికి వచ్చింది.

సున్నా నుంచి నాలుగు దాకా ఒక సంఖ్యారేఖ. అంకెకూ అంకెకూ మధ్య పదేసి చిన్న భాగాలు. దాని మీద 1.25 ఎక్కడుందో చుక్క పెట్టాలి. సుస్మిత పెన్సిల్ మొనను ఒకటి మీద ఆనించింది. పెదవులు కదుపుతూ ఒక్కో చిన్న గీతా లెక్కపెడుతూ పోయింది. రెండు దాటింది, మూడు దాటింది, ఆగలేదు. ఇరవై ఐదో గీత దగ్గర ఆగి గట్టిగా చుక్క పెట్టింది. మూడున్నర మీద!

నాకు ఒళ్ళు మండింది. నెల రోజులు చెప్పాను ఈ పాఠం. అందులోనూ ఇది నా సుస్మిత. మాట్లాడకూడదన్న సంగతి ఎక్కడికో పోయింది.

"ఏందే గిది? ఒకటి పాయింట్ ఇరవై ఐదు పోయి మూడు దాటినంక ఎట్ల కూసున్నది?"

"మేడం!" అన్నాడు పరమేష్ కుర్చీలోంచి లేస్తూ.

సుస్మిత తలెత్తి చూసింది. "ఒకటి దాటినంక ఇరవై ఐదు గీతలు మేడం. సరిగ్గనే లెక్కవెట్టిన. సిరంజి మీద గూడ గిట్లనే పెట్టిన."

"ఏ సిరంజి?"

"నట్టల మందుది. పిల్లలకు తాపనీకి. మా బాపుకు గీతలు ఎర్కలేవు గద, అందుకని గోర్ల రంగుతోని గీత పెట్టి ఇచ్చొచ్చిన."

పిల్లలంటే గొర్రెపిల్లలు. వానలు పడ్డాక మందకు కడుపులో నట్టలనే పురుగులు పడతాయి, మందు తాపకపోతే చిక్కి చచ్చిపోతాయి. ఆ మందు పశువుల దవాఖానలో ఇచ్చి, పిల్లకు ఒకటి పాయింట్ ఇరవై ఐదు మిల్లీలు తాపమని చెప్పారట. ఆ సిరంజికి కూడా మిల్లీకి పదేసి గీతలు ఉన్నాయట. ఒకటి దాటాక ఇరవై ఐదు గీతలు లెక్కపెడితే మూడున్నర మిల్లీలు. తాపాల్సిన దానికి మూడింతలకు కొద్దిగా తక్కువ.

"ఎప్పుడు తాపుతడే మీ బాపు?" అన్నాను.

"ఇయ్యాల్నే. పిల్లలు పాలు తాగినంక." అని, ఏదో అర్థమైనట్టు నా ముఖంలోకి చూసింది. పెన్సిల్ చేతిలోంచి జారి కింద పడింది. "తప్పా మేడం? ఎక్కువైతదా? ఎక్కువైతే కండ్లు పోతయని దవాఖానల చెప్పిండ్రు. అందుకే ఒక్క గీత గూడ ఎక్కువ కాకుండ రెండుసార్లు లెక్కవెట్టిన."

ఆ చివరి మాట నా గుండెల్లో దిగింది. నేను గుర్వయ్య నంబరు అడిగి ఫోన్ చేశాను. అందుబాటులో లేరంది. మళ్ళీ చేశాను. అదే మాట. దొడ్డి గుట్ట వెనకాల ఉంది, అక్కడ సిగ్నల్ ఉండదు అంది సుస్మిత. అప్పటికే ఏడుస్తోంది.

"లే, పోదాం" అన్నాను.

పరమేష్ తలుపుకు అడ్డంగా వచ్చాడు. "మేడం, నడుమల పిల్లను తీస్కపోతే ఎట్ల? కాగితం గింతవరకే తీస్కుంట. మల్ల రాయనిచ్చేది లేదు. మీ మీద గూడ పైకి రాయాల్సొస్తది."

"రాస్కో సార్, పేజీల కొద్దీ రాస్కో. గొర్రెపిల్లల కండ్లు పోతున్నయి ఆడ."

అతనికి ఏమీ అర్థం కాలేదు, కానీ పక్కకు జరిగాడు. సుస్మిత కాగితం మీద ఆ చుక్క మూడున్నర దగ్గర అట్లాగే ఉండిపోయింది. రబ్బరు తీసుకునే సమయం కూడా లేదు. మిగతా పిల్లల్ని హెడ్‌మాస్టరుకు అప్పజెప్పి స్కూటీ తీశాను.

హైవే దాటేటప్పుడు లారీలు ఒకదాని వెనక ఒకటి వస్తూనే ఉన్నాయి. ఆగి నిలబడ్డ ఆ కాసేపట్లో నాకు నరాలు తెగిపోతాయేమో అనిపించింది. వెనక సుస్మిత నా కొంగు గట్టిగా పట్టుకుని కూర్చుంది. అవతల చెలకల్లోకి దిగాక బాట అంతా బురద. రాత్రి పడ్డ వానకు పత్తి చేలలోంచి నీళ్ళు కారుతున్నాయి. స్కూటీ రెండుసార్లు జారింది. గుట్ట మొదట్లో చక్రం దిగబడి ఇక కదలనంది. దాన్ని అక్కడే వదిలేశాను.

"నువ్వు ఉరుకే! నాకోసం ఆగకు!"

సుస్మిత చెప్పులు విడిచి పరుగు తీసింది. నేను చీర ఎత్తి పట్టుకుని, ముళ్ళు గుచ్చుకుంటున్నా చూసుకోకుండా, దాని వెనక పడ్డాను. ఒకటే ప్రార్థన. మా యాదగిరిగుట్ట నర్సన్నకు నా జన్మలో అంత గట్టిగా ఎప్పుడూ మొక్కలేదు. ఆ మనిషి ఇంకా మొదలుపెట్టకూడదు, బీడీ తాగుతూ కూర్చుని ఉండాలి, అంతే.

"బాపూ! వద్దు! తాపకూ!"

దాని కేక గుట్టకు తగిలి మళ్ళీ వినబడింది. నేను మలుపు తిరిగేసరికి గుర్వయ్య కంప దొడ్డి లోపల గొంతుక్కూర్చుని ఉన్నాడు. రెండు మోకాళ్ళ మధ్య ఒక గొర్రెపిల్ల, దాని నోట్లో సిరంజి. కూతురి అరుపుకు ఉలిక్కిపడి సిరంజి బయటికి లాగాడు. అందులో మందు ఇంకా సగం పైగా ఉంది.

"ఎన్నిటికి తాపినవ్?" అన్నాను రొప్పుతూ.

"రెండింటికి అయింది. గిది మూడోది. ఏమైంది మేడం?"

నేను చెప్పాను. చెబుతున్నంతసేపూ అతను కూతురి వైపు చూడలేదు, నావైపే చూశాడు. కోపంతో అరుస్తాడనుకున్నాను. అరిచినా బాగుండేది. సిరంజిని వెలుగుకు ఎత్తి, ఆ గులాబీ రంగు గీతను చూసి, నెమ్మదిగా అడిగాడు.

"రెండేండ్ల సంది మీ తాన్నే సదువుతాంది మేడం. క్లాసుల ఫస్టు అని మీరే చెప్తిరి. గిది గూడ రాదా దీనికి?"

సిగ్గుతో నా ముఖం మండింది. పాఠం చెప్పాను, హోంవర్కు ఇచ్చాను, పై నుంచి కింది దాకా తిట్టాను. ఒక్క రోజైనా ఒక సిరంజి తెచ్చి ఈ పిల్లల చేతికిచ్చి, ఏదీ చూపెట్టు అనలేదు.

గుట్ట ఎక్కితే సిగ్నల్ దొరికింది. పశువుల దవాఖానలో పనిచేసే సాయిలుకు ఫోన్ చేశాను. చేయగలిగింది ఏమీ లేదన్నాడు. ఎండ తగలకుండా నీడలో ఉంచండి, తల్లి పాలు తాగనియ్యండి, రెండు మూడు రోజులు పోతే గానీ తెలియదన్నాడు. దిగివచ్చి ఆ మాటే చెప్పాను. గుర్వయ్య ఆ రెంటినీ ఎత్తుకుపోయి పాకలో చీకటిగా ఉన్న మూల పడుకోబెట్టాడు. సుస్మిత దొడ్డి కంప పక్కన మోకాళ్ళ మీద తల పెట్టుకుని కూర్చుంది. దగ్గరికి పోయే ధైర్యం నాకు లేకపోయింది.

"మరి మిగిలినయి?" అన్నాడు గుర్వయ్య తిరిగొచ్చి. "నట్టలు ముదిరినయి. తాపకుంటే గివి గూడ దక్కయి."

"ఇటు తే. నేను గీత పెట్టిస్తా" అని చెయ్యి చాపాను.

అతను సిరంజి ఇవ్వలేదు. "మీరొద్దు మేడం. మీకు రేపు ట్రాన్స్‌ఫర్ అయితది, పోతరు. ఇంట్ల ఉండేది గది." కూతురి ముందు సిరంజి పట్టాడు. "లే బిడ్డా. పెట్టు."

"నేను పెట్ట బాపూ. నేను ముట్ట."

"ముట్టకుంటె ఎట్ల? నాకా గీతలు తెల్వయి. నీకు తెల్వకుంటె నేర్చుకో. మేడం ఈన్నే ఉన్నది."

అది లేచి, పావడాకు ముక్కు తుడుచుకుని, సిరంజి తీసుకుంది. బొటనవేలి గోరుతో ఆ గులాబీ రంగును గీకేసింది. ఒకటి దగ్గర గోరు పెట్టి చిన్న గీతలు లెక్కపెట్టింది. పది కాగానే రెండు వచ్చేసింది. మళ్ళీ మొదలుపెట్టింది. మళ్ళీ పదికే రెండు.

నోటిదాకా వచ్చిన జవాబును పళ్ళతో పట్టుకుని నిలబడ్డాను. తప్పు గీత పెడితే చెయ్యి పట్టుకుని ఆపడానికి సిద్ధంగానే ఉన్నాను. కానీ పెట్టకముందే చెబితే, నేను లేని రోజు మళ్ళీ ఇదే జరుగుతుంది.

"రెండు రాకముందే ఉండాలె గద మేడం?" అంది నన్ను చూడకుండా. "మరి గీ పది గీతలల్ల ఇరవై ఐదు ఎట్ల పడ్తది?"

"నువ్వే చెప్పు. ఇరవై ఐదు దేంట్లది?"

అది ఆలోచించింది. కళ్ళు మూసుకుంది. పాకలోంచి ఒక పిల్ల సన్నగా అరిచింది, దానికి తల్లి బదులిచ్చింది. గుర్వయ్య అటు చూసి మళ్ళీ కూతుర్ని చూశాడు.

"నూట్ల" అంది సుస్మిత మెల్లగా. "ఒక్కో గీత నడుమ ఇంకో పది ఉన్నట్టు. గప్పుడు ఒకటికి రెండుకు నడుమ నూరు. నూట్ల ఇరవై ఐదంటే..." కళ్ళు తెరిచింది. "పావు! మేడం, ఒకటింబావు! రెండో గీతకు మూడో గీతకు నట్టనడుమ!"

"ఒకటింబావా?" అన్నాడు గుర్వయ్య. "దవాఖానల గట్ల చెప్తే అయిపోతుండె గద."

"పెట్టు, సరిగ్గా ఉంది" అన్నాను. అది గోరుతో గట్టిగా గాటు పెట్టి, సిరంజిలో ఉన్న మందు సీసాలోకి వదిలేసి, మళ్ళీ ఆ గాటు దాకా లాగి తండ్రికి ఇచ్చింది. గుర్వయ్య ఇంకో పిల్లను పట్టుకున్నాడు. నేను వాటి మూతులు తెరిచి పట్టాను. ప్రతి పిల్లకూ ముందు సుస్మిత గాటు చూసేది, నేను చూసేదాన్ని, అప్పుడే మందు నోట్లో పడేది.

తర్వాతి రోజుల్లో అది బడికి రాలేదు. పరమేష్ రాసిన దానికి నాకు మెమో వచ్చింది, జవాబు రాశాను. మా తరగతిలో సగం మంది చుక్క పెట్టింది మూడున్నర దగ్గరే అని కాగితాలు చూశాక తెలిసింది. మర్నాడు మెడికల్ షాపులో ఉన్న సిరంజిలన్నీ కొనుక్కొచ్చి పిల్లలకు పంచి, రంగు నీళ్ళతో దశాంశాలు మళ్ళీ మొదటి నుంచి మొదలుపెట్టాను.

ఆదివారం ఉండబట్టలేక గుట్ట దగ్గరికి పోయాను. మంద బీడులో మేస్తోంది. సుస్మిత నన్ను చూసి దగ్గరికి వచ్చింది.

"ఒకటి మంచిగనే ఉన్నది మేడం. సగం తాగింది గూడ మంచిగున్నది." తల తిప్పి మంద వైపు చూసింది. "ఇంకోటి కంపకు పోయి తాకుతాంది."

చూపించింది. తెల్ల గొర్రె మెడలో కొత్త గంట ఉంది. గొర్రె నడిస్తే గంట మోగుతోంది, దాని వెనక పిల్ల చెవులు నిక్కించి నడుస్తోంది. తల్లి ఆగితే అదీ ఆగిపోతోంది. తండ్రీకూతుళ్ళు వెతికి తెచ్చి కట్టారట ఆ గంట. నాకు ఏడుపు ఆగలేదు. ఆపుకోవాలని కూడా అనిపించలేదు.

"మేడం" అంది సుస్మిత. "గా చుక్కకు నాకు సున్ననేనా?"

"సున్ననే" అన్నాను. కోపం మళ్ళీ తన్నుకొచ్చింది. "వాళ్ళ సున్న వాళ్ళనే పెట్టుకోమను. నీకు రాదని ఎవరన్నరు? నేను పైకి రాస్తా. మల్ల పరీక్ష పెట్టమని అడుగుతా."

అది తల అడ్డంగా ఊపింది. చూపు ఆ పిల్ల మీదే ఉంది.

"వద్దు మేడం. సున్న కరెక్టే. గప్పుడు నాకు రాకపాయె గద."

గంట మోగింది. పిల్ల మళ్ళీ తల్లి వెనక నడిచింది.