కమలాపురం దాటాక

నేను ఒక కారును. ఒకప్పుడు నన్ను చూడటానికి పిల్లలు బడి మానేసి వచ్చేవారంటే ఇప్పుడెవరూ నమ్మరు. సముద్రాల అవతల, నేల మీద నూనె చుక్క కూడా కనిపించని ఒక కర్మాగారంలో నన్ను తయారు చేశారు. ఓడలో చెన్నైకి, అక్కడినుంచి లారీ మీద కడప జిల్లాకు వచ్చాను. ముగ్గురాయి గనులున్న ఒక ఆసామి నన్ను కొన్నాడు. ఎక్కి తిరగడానికి కాదు, ఇంటి ముందు నిలబెట్టుకోవడానికి. తొమ్మిదేళ్ళు అలాగే నిలబెట్టాడు. పెళ్ళిళ్ళకు, ఎన్నికలకు, కోర్టు వాయిదాలకు మాత్రం బయటికి తీసేవాడు. గనులు మూతపడ్డాక నన్ను ప్రొద్దుటూరు బట్టల వ్యాపారి కోదండరామయ్యకు అమ్మేశాడు.

కోదండరామయ్య మంచివాడే. గుడ్డను రెండు వేళ్ళ మధ్య నలిపి నూలు ఏ ఊరిదో చెప్పగలిగిన మనిషి. కాని నా విషయంలో ఆయనకు ఒక పిచ్చి నమ్మకం ఉండేది. "ఈ బండి ఆగడమనేది ఉండదు" అని ఎవరు ఎక్కినా చెప్పేవాడు. ఇనుము, రబ్బరు, ప్లాస్టిక్ కలిపి చేసిన వస్తువు మీద మనుషులకు ఎందుకంత నమ్మకమో నాకు ఏనాడూ అర్థం కాలేదు. ఆయన భార్య విశాలాక్షమ్మకు అలాంటి నమ్మకాలు లేవు. సీటు మరీ కిందికి ఉందని, దిగేటప్పుడు మోకాళ్ళు పట్టేస్తున్నాయని ఆమె ఫిర్యాదు. ఎండ పడకుండా కిటికీకి తడి తువ్వాలు కట్టుకుని కూర్చునేది.

నన్ను నిజంగా ఎరిగినవాడు డ్రైవరు ఓబులేసు. పొద్దున్నే బానెట్ ఎత్తి ఆయిలు చూసేవాడు. ఆ తరవాత కూలెంట్ నీళ్ళుండే తెల్లడబ్బా దగ్గరికి వంగి, గీత దాకా ఉందో లేదో చూసేవాడు. పదకొండేళ్ళలో ఒక్క పొద్దు కూడా అది మానలేదు. జ్వరంతో వచ్చిన రోజు కూడా బానెట్ ఎత్తాకే పక్కన కూలబడ్డాడు.

ఆ మే నెలలో ఒక రోజు పదిగంటలప్పుడు విశాలాక్షమ్మకు గుండెలో నొప్పి వచ్చింది. ఊళ్ళో డాక్టరు చూసి వెంటనే కడప తీసుకుపొమ్మన్నాడు. ఆమెను వెనక సీటులో పడుకోబెట్టారు. తల భర్త ఒళ్ళో ఉంది. ఓబులేసు హారన్ మోగిస్తూ ఎర్రగుంట్ల దాకా గట్టిగానే లాగాడు. ఎర్రగుంట్ల దాటిన కాసేపటికి నా లోపల ఏదో తెగినట్టయింది. చప్పుడు లేదు, కారడం లేదు, పొగ లేదు. కాని ఒళ్ళంతా మంట మొదలైంది. ఎదురుగా ఉన్న టెంపరేచర్ ముల్లు మధ్యనుంచి లేచింది.

ఓబులేసు చూశాడు. ఏసీ ఆపాడు. అద్దాలు దించాడు. తరవాత హీటర్ తిప్పాడు. ఇంజను వేడిని కొంత అటు లాగేయవచ్చని డ్రైవర్లు చేసే పని అది.

"ఏంరా, మనిషి ప్రాణం పోతావుంటే హీటర్ పెడతావా?" అన్నాడు కోదండరామయ్య.

ఓబులేసు గాలి వచ్చే చోట అరచెయ్యి పెట్టి చూసుకున్నాడు. "వేడి రాలేదు సార్. లోపల నీళ్ళు తిరగడం లేదు. కమలాపురం బస్టాండు కాడ ఆపుదాం. యాడనో ఒక బండి దొరుకుతాది, అమ్మను దాంట్లో తీసకపోదాం."

"ఏ బండిలో? జీపులోనా? ఇంక ఇరవై, ఇరవైయైదు కిలోమీటర్లు. ఇది ఆగే బండి కాదు. పోనీ."

"ముల్లు ఎర్రగీత కాడికి వచ్చింది సార్."

విశాలాక్షమ్మ కళ్ళు తెరిచింది. "ఓబులేసు చెప్తా ఉండాడు గదా. ఆపమనండి" అంది. గొంతు బాగా సన్నగా వచ్చింది.

"నువ్వు ఊరకుండు విశాలా. మాట్లాడొద్దు" అన్నాడాయన. ఓబులేసు భుజం మీద చేత్తో కొట్టి "పోనీ" అన్నాడు.

కమలాపురం బస్టాండు కళ్ళముందే దాటిపోయింది. చెట్టు కింద రెండు జీపులు, ఒక టాక్సీ నిలబడి ఉన్నాయి. ఆ ఊరు దాటాక ఏడెనిమిది కిలోమీటర్లు ఎలా లాగానో నాకే తెలియదు. మండిపోతూ, కొట్టుకుంటూ, చివరికి రోడ్డు పక్కన ఆగిపోయాను. అక్కడ నీడనిచ్చే చెట్టొకటీ లేదు. ఓబులేసు రోడ్డుకు అడ్డంగా నిలబడి చేతులు ఊపాడు. లారీలు తప్పుకుని పోయాయి. నలభై నిమిషాలకు ఒక పాల వ్యాను ఆగింది. ఖాళీ క్యాన్లు దించేసి, ఆమెను అందులో పడుకోబెట్టుకుని వెళ్ళారు.

ఆ సాయంత్రమే ఆమె పోయింది. అరగంట ముందు తెచ్చి ఉంటే ఏదైనా చేసేవాళ్ళమని డాక్టరు అన్నాడట.

మరునాడు నన్ను ట్రాక్టరుకు కట్టి ఇంటికి లాక్కొచ్చారు. వాకిట్లో జనం. విశాలాక్షమ్మ తమ్ముడు ప్రహ్లాదయ్య ఏడ్చి ఏడ్చి వాచిన కళ్ళతో అడిగాడు: "బండి ఎందుకాగింది బావా? ఆగదంటివే."

కోదండరామయ్య నా వైపు చూడలేదు. "ఓబులేసు నీళ్ళు చూసుకోలేదు" అన్నాడు.

గేటు దగ్గర నిలబడి ఉన్న ఓబులేసు విన్నాడు. ప్రహ్లాదయ్య వెళ్ళి అతని చొక్కా పట్టుకుని అందరి ముందూ చెంపమీద కొట్టాడు. ఓబులేసు తాళంచెవి నా బానెట్ మీద పెట్టి వెళ్ళిపోయాడు. ఆ మాట ఊరంతా పాకింది. నీళ్ళు చూసుకోక మనిషిని చంపినవాడి చేతికి మళ్ళీ ఎవరూ బండి ఇవ్వలేదు.

పది నెలలు నేను రేకుల షెడ్డులో పట్టా కింద ఉన్నాను. కోదండరామయ్య అటువైపు వచ్చేవాడు కాదు. చివరికి నన్ను వదిలించుకోవాలనుకున్నాడు. నడవని బండిని ఎవరూ కొనరు కనుక కడపలో మౌలాలి షెడ్డుకు లాగించి, తనూ వెంట వచ్చాడు. మౌలాలి నలభై ఏళ్ళుగా ఇంజన్లు విప్పుతున్న మెకానిక్కు, తక్కువ మాటల మనిషి.

"ఏదో ఒకటి మార్చి, స్టార్టయ్యేటట్లు చెయ్యి చాలు" అన్నాడు కోదండరామయ్య.

"కారణం తెలీకుండా పార్టులు మారిస్తే మళ్ళా ఉడుకుతాది శెట్టిగారూ. కొన్నోడు నన్ను తిడతాడు" అన్నాడు మౌలాలి.

నీళ్ళు నింపి స్టార్టు చేశాడు. నేను దగ్గుతూ లేచాను. ఇంజను వేడెక్కింది, రేడియేటరు మాత్రం చల్లగానే ఉంది. వెంటనే ఆపేశాడు. రేడియేటరుకు నీళ్ళు వదిలే థర్మోస్టాట్ విప్పి, సత్తు గిన్నెలో నీళ్ళు మరగబెట్టి అందులో వేశాడు. అది తెరుచుకోవలసిన వేడికి తెరుచుకుంది. దానిలో దోషం లేదు. అది లేకుండానే పైపులు బిగించి మళ్ళీ తిప్పి చూశాడు. రేడియేటరు చల్లగానే ఉంది. ఫ్యాను తిరుగుతోంది, బెల్టు బాగుంది, ఎక్కడా చుక్క కారలేదు. మౌలాలి చేతులు తుడుచుకుంటూ వచ్చి కోదండరామయ్య ఎదురుగా గొంతుక్కూర్చున్నాడు.

"ఆ పొద్దు ఓబులేసు హీటర్ పెట్టినాడా?"

కోదండరామయ్య కండువాతో మెడ తుడుచుకున్నాడు.

"పెట్టింటే ఏం గాలి వచ్చిందో చెప్పండి. వేడి వచ్చిందంటే దోషం ఒక చోట, రాలేదంటే ఇంకో చోట. దాన్ని బట్టే విప్పాల."

ఎండ రేకుల మీద చిటపటలాడుతోంది. కోదండరామయ్య అన్నాడు: "పెట్టినాడు. వేడి రాలేదు."

"మీరెట్ల చూసినారు?"

"వాడే చెయ్యి పెట్టి చూసి చెప్పినాడు. నీళ్ళు తిరగడం లేదన్నాడు."

మౌలాలి ఆయన ముఖంలోకి చూశాడు. ఆ ఓబులేసు నీళ్ళు చూసుకోలేదన్న మాట కడప దాకా వచ్చి ఉంది. అయినా ఇంకేమీ అడగలేదు. లేచి వెళ్ళి నా వాటర్ పంపు విప్పాడు, ఇంజను మీద మూతలా ఉండే హెడ్డు కూడా ఎత్తి చూశాడు. పంపును కోదండరామయ్య ముందుకు తెచ్చి, ఒక చేత్తో ఇరుసు తిప్పాడు. ఇరుసు తిరిగింది. లోపల నీళ్ళను తోసే ప్లాస్టిక్ రెక్కల చక్రం మాత్రం కదలలేదు. పాతబడి, మధ్యలో పగిలి, ఇరుసు మీద వదులైపోయింది.

"బయటికి అంతా తిరుగుతానే ఉంటాది. లోపల ఏం జరగదు. బానెట్ ఎత్తితే ఇది ఎవురికీ కనపడదు. నీళ్ళు నిండుగానే ఉన్నింటాయి" అన్నాడు మౌలాలి. "ముల్లు లేచిన వెంటనే ఆపింటే పంపొక్కటే పోయేది. హెడ్డు ఇట్ల వంగేది కాదు."

మౌలాలి ఇంజను హెడ్డు గురించే అన్నాడు. కోదండరామయ్య పంపును చేతిలోకి తీసుకుని, ఆ ఇరుసును మళ్ళీ మళ్ళీ తిప్పుతూ కూర్చున్నాడు.

వంగిన హెడ్డును లేత్ మీద చదును చేయించారు. కొత్త గాస్కెట్ వేశారు. ఇనుప చక్రమున్న పంపు బిగించారు. మిట్టమధ్యాహ్నం ఎండలో ఏసీ వేసి గంటసేపు నిలబెడితే ముల్లు మధ్యలోంచి కదలలేదు. నాకు ఒంట్లో ఏ నొప్పీ లేదు. అయినా సంతోషం కలగలేదు. పది నెలల కిందట పంపొక్కదానితో పోవలసినది ఎంత దాకా పోయిందో నాకు తెలుసు.

తిరిగి వస్తూ ఎర్రగుంట్లలో ఆపించాడు కోదండరామయ్య. నాపరాళ్ళకు పాలిష్ పట్టే ఒక ఫ్యాక్టరీలో ఓబులేసు రాళ్ళు మోస్తున్నాడని మౌలాలి చెప్పాడు. అతను బయటికి వచ్చాడు. ఒళ్ళంతా తెల్లటి దుమ్ము, కనుబొమ్మల మీద కూడా. నన్ను చూసి ఒక్క క్షణం ఆగాడు.

"పంపు పోయిందంట ఓబులేసూ. తప్పు నీది కాదంట" అన్నాడు కోదండరామయ్య.

"నాకు తెలుసు గదా సార్."

"మరి ఆ పొద్దు ఎందుకు చెప్పలేదు, అందరి ముందర?"

"అమ్మ శవం లోపలుండాది. మీరు అట్ల నిలబడుకోనుండారు. యాడ చెప్పేది?" ఓబులేసు తువ్వాలుతో ముఖం తుడుచుకున్నాడు. "మీరే చెప్తారులే అనుకుంటి. కర్మంతరాలైనాక చెప్తారనుకుంటి. అవి గూడా అయిపాయ, ఇంక అనుకునేది మానేస్తి."

కోదండరామయ్య చేతులు జోడించబోతే, "వద్దు సార్" అని పట్టుకున్నాడు. మళ్ళీ పనిలోకి రమ్మంటే రానన్నాడు. "బండెక్కితే కన్ను ముల్లు మీదనే ఉంటాది సార్. రోడ్డు కనపడదు. నాకీ రాళ్ళే మేలు." లోపల ఎవరో పిలిస్తే వెళ్ళిపోయాడు.

మే నెలలో విశాలాక్షమ్మ సంవత్సరీకం జరిగింది. వాకిట్లో షామియానా వేశారు. నేను గోడవారగా నిలబడి ఉన్నాను. బంధువులు బంతిలో కూర్చున్నారు, వడ్డన సగం అయింది. కోదండరామయ్య పంక్తి మధ్యకు వచ్చి నిలబడ్డాడు.

"ఆ పొద్దు ఓబులేసు కమలాపురంలో ఆపుదామన్నాడు. ఆమె కూడా ఆపమనింది. నేనే ఆపనీలేదు. నీళ్ళు చూసుకోలేదని నేను చెప్పింది అబద్ధం."

వడ్డించేవాళ్ళు గరిటెలతో అలాగే నిలబడిపోయారు. ఎవరో పెద్దాయన, "ఇప్పుడవన్నీ ఎందుకు నాయనా, కూర్చో" అన్నాడు. ప్రహ్లాదయ్య తన కుడిచేతి వంక చూసుకున్నాడు. కలిపిన అన్నం అలాగే వదిలి లేచాడు. కుళాయి దగ్గర చెయ్యి కడుక్కున్నాడు, చాలాసేపు కడుక్కున్నాడు. నా పక్కనుంచే గేటు దాటి వెళ్ళిపోయాడు. బావ ముఖం చూడలేదు. ఆ ఇంటి గడప మళ్ళీ తొక్కలేదు.

ఆ తరవాత నన్ను కొనడానికి ముగ్గురు వచ్చారు. ఇంజను విని, నడిపి చూసి, బాగుందన్నారు. చివరగా ముగ్గురూ అడిగింది ఒకటే: "ఎప్పుడైనా వేడెక్కిందా?" కోదండరామయ్య ముగ్గురినీ కూర్చోబెట్టి మంచినీళ్ళిచ్చి, ఎర్రగుంట్ల దాటినప్పటినుంచి జరిగిందంతా చెప్పాడు. హీటర్ సంగతి, బస్టాండులో నిలబడి ఉన్న టాక్సీ సంగతి, భార్య అన్న మాట, తను ఆమెను ఊరకుండమన్న మాట, ఒక్కటీ దాచలేదు. వాళ్ళు అడిగింది ఇంజను గురించి. ఆయన చెప్పింది ఇంకేదో. ఒకరు సగంలోనే లేచారు. మిగతా ఇద్దరూ మర్యాదకు చివరిదాకా విని, ఆలోచించి చెప్తామని వెళ్ళారు. నాలుగోవాడు రాలేదు.

అందుకే మంచి ఇంజనుతోనే నేను ఈ పాత ఇనుము కొట్టుకు వచ్చాను. నన్ను తూకం వేసేటప్పుడు కొట్టువాడు ఆయన్ను ఏమీ అడగలేదు. అయినా కోదండరామయ్య చెప్పడం మొదలుపెట్టాడు.