సొరుగులో సారె

మా ఇంట్లో మనుషులం ఇద్దరం, కుట్టుమిషన్లు పదకొండు. ఈ హిందీవాళ్ళ ఊళ్ళో ఉద్యోగం చేసి రిటైరయ్యాక మావారు సూర్యప్రకాష్‌గారికి పట్టుకున్న పిచ్చి ఇది. జుగ్‌సలాయి తుక్కుకొట్లలో సుత్తిదెబ్బ కోసం ఎదురుచూస్తున్న పాత మిషన్లని తూకానికి కొని, కాసిడీహ్‌లో మా వాటాకి మోసుకొస్తారు. తుప్పు గీకి, బిగుసుకుపోయిన చక్రాలని కిరసనాయిలు పోసి కదిలించి, కుట్టుపని వచ్చి మిషను లేని ఆడవాళ్ళకి ఊరికే ఇచ్చేస్తారు. హాల్లో కాలు పెట్టే చోటు లేదని నేను సణుగుతూనే ఉంటాను. ఆయన వినరు, నేను మానను.

అయినా ఏ మిషన్నీ ఉత్తగా గడప దాటనివ్వను. ఆడపిల్లని అత్తారింటికి పంపుతున్నట్టు సొరుగులో సారె పెడతాను. పసుపు, కుంకుమ, జాకెట్టుముక్క, నాలుగు సున్నుండలు. పిల్లలున్న ఇల్లయితే వాళ్ళకీ ఏదో ఒకటి. సొరుగులో ఏముంటే అది అమ్మగారు పెట్టిందేనని తీసుకెళ్ళేవాళ్ళందరికీ తెలుసు. అదే నా కొంప ముంచబోయింది.

ఆ పొద్దున శ్రీదేవి మిషను తీసుకెళ్ళడానికి వచ్చింది. గోవింద్‌పూర్‌లో ఉంటుంది, మొగుడు మురళి ఫ్యాక్టరీలో కాంట్రాక్టు పని. చంకలో నాలుగేళ్ళ సాయిచంద్. వాడు ఒకటే దగ్గు, తల్లికి ముక్కు దిబ్బడ. "మందైపోనాదమ్మా, కొనాల" అంది. "ఉండు, నా దగ్గర పిల్లల మందేమైనా ఉందేమో చూసిస్తా" అని లోపలికెళ్ళి వెతికాను. లేదు. ఇంతలో మిషను ఎక్కించుకున్న ఆటోవాడు హారన్ మోగించాడు. ఆ తొందరలో మందు లేదన్న మాట చెప్పడమే మరిచిపోయాను.

భోజనాల దగ్గర నాకూ గొంతు గీరింది. "నా దగ్గుమందు ఖాళీ సీసా ఏదండీ? పేరు చూపించి కొత్తది తెప్పించుకోవాలి" అన్నాను.

"అదా? కడిగీసి కిరసనాయిలూ నూనే కలిపి పోసేను. ఆ పిల్ల మిషను సొరుగులో పెట్టేను. కొత్తలో రోజూ నాలుగు చుక్కలెయ్యాల కదేటి."

చేతిలో ముద్ద కంచంలో వదిలేశాను. సీసా మీద మందు కాగితం అలాగే ఉంది. గోధుమరంగు గాజు, లోపలేముందో బయటికి తెలీదు. నేను మందు ఇస్తానన్నాను. సొరుగు తీస్తే మందుసీసా.

"వాసన తెల్దేటే?" అన్నారాయన.

"ఇద్దరికీ ముక్కులు మూసుకుపోయుంటే ఏం తెలుస్తుందండీ!"

ఆయన ఫోను అందుకున్నారు. మాకున్నది మురళి నంబరొక్కటే. డ్యూటీలో ఉన్నాడేమో, స్విచాఫ్. ఎంగిలి చేతులతోనే స్కూటరెక్కాం.

దారంతా ఆయన్ని తిట్టాను. తిట్టడం ఆపితే ఏడుపొచ్చేలా ఉంది. పసివాడు కిరసనాయిలు మింగితే అది ఊపిరితిత్తుల్లోకి దిగుతుందని, వాంతి చేయించినా ప్రమాదమేనని ఎక్కడో విన్న మాటలన్నీ అప్పుడే గుర్తొచ్చాయి. టెల్కో ఫ్యాక్టరీ దాటాక రోడ్డుపక్కన లారీలు బారులు తీరి ఉన్నాయి. వాటి సందుల్లోంచి ఆయన స్కూటరు పోనిస్తుంటే వెనక నేను చొక్కా పట్టుకుని కూర్చున్నాను. తీరా గోవింద్‌పూర్ దగ్గర రైలు గేటు పడింది. గూడ్సు బండి ఒక పట్టాన తెమలదు. పెట్టె వెనక పెట్టె, పెట్టె వెనక పెట్టె. మా ఊరి పైడితల్లికి మొక్కాను. ఆ తల్లి ఇంత దూరం వింటుందో లేదో.

"శైలూ, నానే సంపీసేనేమోనే" అన్నారు ఆయన, ముందుకే చూస్తూ. ఆయన భుజం మీద చెయ్యి వేశాను.

శ్రీదేవి ఇంటి తలుపు మూసుంది. లోపల చప్పుడు లేదు. పొద్దున చెవులకి తూట్లు పొడిచిన దగ్గు ఒక్కసారి వినపడితే చాలనిపించింది. వినపడలేదు. రెండు చేతులతో బాదాను.

శ్రీదేవి తలుపు తీసి పెదవి మీద వేలు పెట్టింది. "నెమ్మదమ్మా. ఇప్పుడే నిద్దరోనాడు. ఎంత పిలిసినా పలకట్లేదు."

ఆమెని తోసుకుని లోపలికెళ్ళాను. చాప మీద పడుకున్నవాణ్ణి రెండు భుజాలూ పట్టి కుదిపేశాను. తల వేలాడింది. మళ్ళీ కుదిపాను. వాడు కళ్ళు తెరిచి, నన్ను చూసి బేరుమన్నాడు, ఆ వెంటనే దగ్గాడు. నోటి దగ్గర మొహం పెట్టి వాసన చూశాను. పాలు, బిస్కెట్టు. అంతే.

"ఏటైందమ్మా?" శ్రీదేవి బెదిరిపోయింది.

గోడలో దేవుడి గూడు. అందులో నేను పెట్టిన పసుపు, కుంకుమ, జాకెట్టుముక్క, సున్నుండలు. వాటి పక్కన సీసా. సీసా పక్కన కడిగి బోర్లించిన చెంచా.

"మిషను లచ్చిమి కదమ్మా. ఆయనొచ్చినాక పూజ సేసి, అప్పుడు ముట్టుకుందారని ఉంచేను. ఈడు దగ్గలేక పోతంటే మందొకటీ ముందేసీనా అనుకున్నాను. సెంచా కూడా కడిగీసేను. ఇంతలో ఈడే నిద్దరోనాడు. మందుకని పిలిసినా లేవనేదు, పోనీలే అని ఒగ్గీసేను."

సీసా తీసి, మూత విప్పి ఆమె ముక్కు దగ్గర పెట్టాను. గట్టిగా పీల్చింది. "వాసనేటీ రావట్లేదమ్మా."

"కిరసనాయిలు తల్లీ" అన్నారు మావారు గుమ్మంలోంచి. లోపలికి రావడానికి ఆయనకి మొహం చెల్లలేదు.

శ్రీదేవి చెంచా వంక చూసింది. అక్కడే కూలబడింది. మమ్మల్ని ఒక్క మాట అంటుందేమోనని చూశాను. అంటే బాగుండేది.

"మీరెట్టేరు కదాని, మూత తీసి సూడాలని కూడా అనిపించనేదమ్మా" అంది.

చాప మీంచి సాయిచంద్ లేచి వచ్చాడు. ఏడుపు మరిచిపోయి నా చేతిలో సీసా కేసి చూశాడు. "నానీ, మీఠీ దవాయి హై క్యా?" అన్నాడు, అమ్మమ్మా, తియ్యటి మందేనా అని, వీధిలో నేర్చిన హిందీలో.

అని, నోరు తెరిచి నిలబడ్డాడు.