ఆరు దాటినాక

రత్నమణి బరువు ఎనభై ఆరు కిలోలని జూన్ నెలలో తేలింది. తను టీచరుగా చేసే అంగన్‌వాడీలో పిల్లల తూకాలన్నీ అయిపోయినాక, గర్భిణుల్ని తూచే మిషన్ మీద ఊరికే సరదాకి ఎక్కిందామె. పక్క వీధి కేంద్రంలో టీచరుగా చేసే శివలీల రిజిస్టరు కోసం వచ్చి అక్కడే ఉంది. వంగి అంకె చూసి, "మిషన్ చెడిపోయిందేమో, దిగి మళ్ళా ఎక్కక్కా" అనింది. దిగి ఎక్కింది. మిషన్ చెడిపోలేదు.

అప్పటికే ఆర్నెల్లుగా మోకాళ్ళు పీకుతున్నాయి. కోయిలకుంట్లలో చూపించుకుంటే డాక్టరమ్మ మందు బిళ్ళలు రాసిచ్చి, బరువు తగ్గకుండా ఇవెన్ని మింగినా లాభం లేదని చెప్పి పంపింది. పొద్దున నడవాలని చూసింది, కాళ్ళు మొరాయించినాయి. బువ్వ మానేసి రొట్టెలు తినింది, అవీ రెండు పోయి నాలుగైనాయి.

శివలీల దగ్గర మందు ఉండింది. ఫోన్లో ఒక గ్రూపు. అందులో అందరూ రోజుకు పదహారు గంటలు ఉపవాసముంటారు, ఎనిమిది గంటలు తింటారు.

"పొద్దున పదికి నోరు తెరవల్ల, సాయంత్రం ఆరుకు మూయల్ల. నడుమ నీ ఇష్టం. ఆరు దాటినాక నీళ్ళు తప్ప ఏమీ ముట్టగూడదు. నేను రెండు నెల్లలో ఆరు కిలోలు తగ్గలేదా?" అని చీర కుచ్చెళ్ళు దులిపి చూపించింది.

ఉపవాసం రత్నమణికి కొత్త కాదు. పెళ్ళి కాకముందు నుంచీ చర్చిలో శుక్రవారం ఉపవాస ప్రార్థనకు పోయే మనిషి. వారానికి ఒకపూట దేవుని కోసం ఉండగలిగినదాన్ని మోకాళ్ళ కోసం రోజూ ఉండలేనా అనుకుంది. ఆ సోమవారమే మొదలుపెట్టింది.

ఆమె భర్త దావీదురాజుకు బస్టాండు దగ్గర మోటార్లు చుట్టే షాపు ఉంది. చుట్టుపక్కల పల్లెల్లో బోరు మోటారు కాలిపోతే రైతులు ఆయన దగ్గరికే మోసుకొస్తారు. మాడిన తీగ తీసేసి, కొత్త రాగి తీగ చుట్టి, మోటారు తిరిగిందని చూపించేదాకా షాపు మూసేవాడు కాదు. ఇల్లు చేరేసరికి ఎనిమిదిన్నర అయ్యేది. పగలంతా పొడిపొడిగా మాట్లాడే మనిషికి బువ్వ తట్ట ముందు కూచుంటేనే నోరు పెగిలేది. యాడ ఏ బోరు ఎండింది, ఏ రైతు ఎవరి మీద కోపంగా ఉన్నాడు, అన్నీ ముద్దకూ ముద్దకూ నడుమ చెప్పేవాడు. ఇరవై రెండేళ్ళుగా ఇద్దరూ ఎదురెదురుగా కూచొని తిన్నారు. ఆయన చేయి ఆగితే చాలు, ఏం కావాలో అడక్కుండానే వడ్డించేది.

మొదటిరోజు ఆయన చేతులు కడుక్కొని వచ్చి, ఒకే తట్ట ఉండడం చూసి నిలబడినాడు.

"నువ్వు తినవా?"

"ఆరు దాటింది గదప్పా."

"అయితే ఊరికే కూచోరాదూ."

కూచుంది. పుంటికూర పప్పు, చెనిక్కాయల పొడి, వేడి జొన్నరొట్టె. వాసన తగలకుండా కొంగు ముక్కుకు అడ్డం పెట్టుకుంది. మూడోరోజు ఇక తాళలేకపోయింది. "నీ ముందర కూచుంటే నాకు ఆకలి ఆగదప్పా. అన్నీ ఈడ పెట్టినా, వడ్డిచ్చుకొని తిను. నేను మిద్దె మీదికి పోతా" అనింది. "పో మే, పో" అని నవ్వినాడు దావీదురాజు.

అప్పటి నుంచి అదే అలవాటైంది. సాయంత్రం ఐదున్నరకు తను తినేసి, ఆయనకు గిన్నెల మీద మూతలు పెట్టి, శివలీలతో నడకకు పోయేది. వచ్చి మిద్దె మీద ఫోన్ చూసుకుంటూ కూచునేది. పొద్దునా అంతే. పదయ్యేదాకా తినేది లేదు కాబట్టి వంటింట్లో నిలబడబుద్ధి కాక, ఆయన టిఫినుకు కూచునేలోపే కేంద్రానికి బయలుదేరేది. మధ్యాహ్నం ఆయనది షాపులో క్యారియరు. కూతురు ప్రేమజ్యోతి కర్నూల్లో నర్సింగు చదువుతూ హాస్టల్లో ఉండింది. ఇంట్లో ఇద్దరే మనుషులు, ఇద్దరి తిండీ వేరైపోయింది.

ఆగస్టుకు రత్నమణి ఐదు కిలోలు తగ్గింది. మోకాళ్ళ నొప్పి సగం పోయింది. బిగుతైన జాకెట్లు పెట్టె అడుగు నుంచి బయటికొచ్చినాయి. పొద్దున కేంద్రానికి పోతానే మిషన్ ఎక్కి చూసుకొని గ్రూపులో పెట్టేది. ముక్కూ మొహం తెలియని వాళ్ళు చప్పట్లు కొడుతుంటే, ఇరవై ఏళ్ళు వెనక్కి పోయినట్టుండేది.

కలిసి తినేది ఇక ఆదివారం మధ్యాహ్నం ఒక్కపూటే. ఆరోజు దావీదురాజు బువ్వలో చారు నిండా పోసుకొని, జావలాగా పిసుక్కొని తినేవాడు. కోడికూర పెడితే ముక్కలు పక్కకు జరిపి పులుసు మాత్రం కలుపుకున్నాడు ఒకసారి.

"ఏమప్పా, కోడికూర చేదైందా?"

"పండ్లు నొప్పి."

"పండ్ల డాక్టరుకు చూపిచ్చుకో మరి" అని, ఆ మాట అక్కడే మర్చిపోయింది. గోడ మీద గడియారం చూసుకుంటూ, సాయంత్రానికి ఏం తినాలా అని ఆలోచిస్తోంది అప్పుడు.

అక్టోబరులో చర్చి స్త్రీల సమాజం వార్షికోత్సవానికి ఆమెను సాక్ష్యం చెప్పమన్నారు. రత్నమణి బాగా మాట్లాడింది. కడుపును అదుపులో పెట్టుకునే బలం దేవుడిచ్చినాడని, పది కిలోలు తగ్గినానని చెప్పింది. అంతటితో ఆగక, మగవాళ్ళు కూచున్న వైపు చేయి చూపించి, "మా ఇంటాయన కూడా నన్ను చూసి సన్నబడినాడు. రాత్రిపూట తిండి ఆయనే తగ్గిచ్చుకున్నాడు. ఒకరు మారితే ఇల్లంతా మారుతుంది" అనింది. అందరూ తల తిప్పి చూసినారు. దావీదురాజు వదులైన చొక్కా లోపలికి ముడుచుకొని నవ్వినాడు.

నవంబరులో ఒకరోజు ఆయన ఐదున్నరకే ఇంటికొచ్చినాడు. పెళ్ళైనప్పటి నుంచి పనిరోజు ఆ వేళకు రావడం రత్నమణి ఎరగదు. అప్పుడే తిని చెప్పులేసుకుంటోంది. వీధిలో శివలీల నిలబడి ఉంది.

"ఏందప్పా, షాపు మూసినావా?"

"ఊరికే వచ్చినా. రొంతసేపు కూచుంటావా?"

"ఇరవై నిమిషాలు నడిచొస్తా. వచ్చి కూచుంటా."

ఆ పొద్దు శివలీల గ్రూపులో ఎవరిదో పెద్ద కథ మొదలుపెట్టింది. నడక గంటపైనే అయింది. తిరిగొచ్చేసరికి దావీదురాజు మళ్ళా షాపుకు పోయినాడు. గిన్నెల మీద మూతలు పెట్టినవి పెట్టినట్టే ఉన్నాయి. యాడన్నా టిఫిన్ చేసి వచ్చింటాడులే అనుకొని ఆమె మిద్దె ఎక్కింది.

క్రిస్మస్ సెలవులకు ప్రేమజ్యోతి వచ్చింది. వచ్చినరోజు తండ్రి భోజనానికి తనే ఎదురుగా కూచుంది. రత్నమణి మిద్దె మీద ఉంది. పావుగంట కూడా కాలేదు, కూతురు మెట్లెక్కి వచ్చింది.

"మ్మా, నాయన ఎన్ని దినాల నుంచి ఇట్ల తింటాండాడు?"

"ఎట్ల?"

"బువ్వలో నీళ్ళు పోసుకొని తాగుతాండాడు. ఒక మెతుకు అడ్డంబడితే గోడ పట్టుకొని నిలబడినాడు. పెరట్లోకి పోయి కక్కొచ్చినాడు. నువ్వు చూడలేదా?"

రత్నమణి కిందికి దిగింది. దావీదురాజు మొహం కడుక్కుంటున్నాడు. చొక్కా తీసేసి ఉన్నాడు. వీధి లైటు వెలుగులో ఆయన భుజాల ఎముకలు, పక్కటెముకలు లెక్కబెట్టేటట్టు కనపడినాయి. ఆ ఒంటిని ఆమె రోజూ చూస్తూనే ఉంది. చూసి, సన్నబడినాడులే అనుకుంది.

పండగ మరుసటిరోజే కర్నూలు తీసుకుపోయినారు. ఆసుపత్రిలో నర్సు ముందు బరువు తూచింది. యాభై మూడు. జూన్‌లో కేంద్రం మిషన్ మీద తూచినప్పుడు ఆయన అరవై ఏడు. చంటిపిల్ల తూకం రెండొందల గ్రాములు తగ్గితే ఆ తల్లి ఇంటికి పోయి, ఏం పెడుతున్నావు, ఎప్పుడు పెడుతున్నావని నిలదీసే రత్నమణి ఆ అంకె విని, ఇంకోసారి తూచమనింది.

డాక్టరు పడుచువాడు. కాగితాలు చూస్తూ, ఎన్నాళ్ళ నుంచి మింగడం కష్టంగా ఉందని ఆమెనే అడిగినాడు.

"నాకు తెలీదు సార్."

డాక్టరు తలెత్తి చూసినాడు. "ఒకే ఇంట్లో ఉంటారు కదమ్మా?"

దావీదురాజే అందుకున్నాడు. "ఆగస్టు నుంచి సార్. మొదట రొట్టె దిగలేదు. దసరాకు బువ్వ కూడా కష్టమైంది. పోయిన నెల నుంచి గంజి, మజ్జిగ. క్యారియర్‌లోది కుక్కలకు పెట్టి, కడుక్కొని ఇంటికి తీస్కపోతాంటి."

తన ఇంట్లో, తను వండి పెట్టిన గిన్నెల ముందు ఆయన ఏమేం తినలేకపోయినాడో, ఏ నెలలో ఏది మానేసినాడో రత్నమణి ఆ కుర్చీలో కూచొని వినింది.

గొంతులోకి కెమెరా గొట్టం దింపి చూసినారు. అన్నం దిగే దారిలో గడ్డ ఉంది. ముక్క తీసి పరీక్షకు పంపితే క్యాన్సర్ అని వచ్చింది. కోసి తీసే దశ దాటిందన్నారు. ప్రేమజ్యోతి మందుల కోసం కౌంటరు దగ్గర వరుసలో నిలబడి ఉండగా, మొగుడూ పెళ్ళాం బయట వేపచెట్టు కింద బెంచీ మీద కూచున్నారు.

"ఏంటికి చెప్పలేదప్పా?"

ఆయన రాలిన వేపాకులు చెప్పుతో పక్కకు తోసినాడు. "మొదట్లో దానికదే పోతుందిలే అనుకున్నా. తర్వాత... నువ్వు శానా సంతోషంగా ఉండావు మే. కాళ్ళ నొప్పి పోయిందంటివి. మిద్దె మీద కూచొని పాటలు పాడుకుంటాంటివి. నేను తినలేకుండా ఉండానంటే మళ్ళా తట్ట తెచ్చుకొని నా ముందర కూచుంటావని తెలుసు. ఎందుకులే చెడగొట్టేది అనుకున్నా."

"ఆ పొద్దు ఐదున్నరకే వచ్చినావు..."

"ఊఁ. ఆ పొద్దు చెప్దామనే వచ్చినా."

రత్నమణి కొంగు నోట్లో కుక్కుకుంది. దారిన పోయేవాళ్ళు చూసుకుంటూ పోయినారు.

కడుపుకు చిన్న రంధ్రం చేసి గొట్టం పెట్టినారు. గడ్డకు ఆరు వారాలు కరెంటు, అంటే రేడియేషన్, పెట్టించాలంటే ఆసుపత్రి పక్కనే ఒక గది తీసుకొని ఉన్నారు. "నేను మోటార్లకు పెడితి, వీళ్ళు నాకు పెడ్తాండారు" అని దావీదురాజు నవ్వించబోయినాడు. రెండు గంటలకొకసారి రాగిజావో, పాలో గొట్టంలో పోసేది రత్నమణి. పదహారు గంటలూ ఎనిమిది గంటలూ ఎప్పుడు మానేసిందో ఆమెకే గుర్తులేదు. గ్రూపు నుంచి ఆమెను ఎవరో తీసేసినారని శివలీల తర్వాత ఎప్పుడో చెప్పింది.

దావీదురాజుకు ఒక పట్టుదల ఉండేది. ఆమె తినేటప్పుడు తన ఎదురుగానే తినాలి. గది బయటికి పోతే ఊరుకునేవాడు కాదు.

"నువ్వు తినలేకుండా చూస్తా కూచుంటే నాకు ముద్ద దిగదప్పా."

"దిగకపోతే నీళ్ళు తాగు. తిను. నేను చెప్తా, విను."

గొంతు బొంగురుపోయినా ఆగి ఆగి చెప్పేవాడు. ఆర్నెల్లుగా చెప్పకుండా మిగిలిపోయినవన్నీ. ఒక రైతు కాలిపోయిన మోటారును బండి వెనక కూచోబెట్టి, జారకుండా పెళ్ళాం చీరతో నడుముకు కట్టుకొని వచ్చినాడట. వెనకనే ఆ పెళ్ళాం ఆటోలో తరుముకుంటూ వచ్చిందట, కొత్త చీరని. నవ్వుతుంటే రత్నమణికి పొరబోయేది. నవ్విన వెంటనే, ఇది జూలైలో జరిగిందే, అప్పుడే వినాల్సింది కదా అనిపించేది. కళ్ళు తుడుచుకొని ఇంకో ముద్ద పెట్టుకునేది, ఆయన చూస్తున్నాడని.

కరెంటు అయిపోయినాక రెండు నెలలు కొంచెం తెరపి దొరికింది. నోటితో మజ్జిగ, మెత్తని సంగటి రవ్వంత తిన్నాడు. షాపు దాకా పోయి కూచొని వచ్చినాడు. వానలు మొదలయ్యేసరికి మళ్ళా తిరగబెట్టింది. ఆగస్టు రెండో ఆదివారం, చర్చి గంట కొడుతున్న వేళకు దావీదురాజు పోయినాడు.

సెప్టెంబరులో రత్నమణి కాగితాలేవో తెచ్చుకునేకి కర్నూలు ఆసుపత్రికి పోయి, ఆ డాక్టరు దగ్గర ఒక మాట అడిగింది. మేము పోయినేడు ఆగస్టులోనే వచ్చింటే?

"చికిత్స సులభమయ్యేది. బతికేవారా అంటే మాత్రం చెప్పలేనమ్మా" అన్నాడు. ఆయన బతికేవాడని గట్టిగా చెప్పినా, ఎట్లైనా పోయేవాడేనని చెప్పినా, పట్టుకునేకి ఏదో ఒకటి దొరికేది ఆమెకు. రెండూ చెప్పలేదు.

ప్రేమజ్యోతికి కర్నూల్లోనే ఉద్యోగమొచ్చింది. రోజూ సాయంత్రం ఫోన్ చేస్తుంది. ఒకరోజు తల్లి గొంతు విని, "ఇంకా అదే తలుచుకుంటాండావా? నీ తప్పేముందిమ్మా ఇందులో? నాయనే గదా నీకు తెలీకుండా దాచిపెట్టినాడు" అనింది.

"దాచిపెట్టినాడు, నిజమే. దాచేకి సందు ఇచ్చింది నేనే గదమ్మా."

కూతురు, వార్డులో పిలుస్తున్నారని, రేపు చేస్తానని ఫోన్ పెట్టేసింది.