ఒకటి అనేలోపు

ఫర్నేసు తలుపు తీసేముందు మెరుపు బాబాయ్ ఎప్పటిలాగే పటకారు తుడుచుకుని, చన్నీళ్ల బకెట్టును కాలితో ఇంకాస్త దగ్గరికి జరుపుకున్నాడు. లోపల తొమ్మిది వందల డిగ్రీల వేడిలో, అంత వేడికీ కరగని మూసిన గాజు గొట్టంలో, గోరంత టైటానియం మిశ్రమం ముక్క పది రోజులుగా ఉంది. దాన్ని లాగి, మనసులో "ఒకటి" అనుకునేలోపు నీళ్లలో ముంచి, గొట్టాన్ని అడుగునున్న ఇనపకమ్మీకి కొట్టి పగలగొట్టాలి. నింపాదిగా చల్లారనిస్తే లోహం లోపలి అమరిక మారిపోతుంది. ఆ అమరికలను బట్టే, ఏ వేడి దగ్గర లోహం ఏ స్థితిలో ఉంటుందో చూపే పటం గీస్తారు.

ఇరవై ఎనిమిదేళ్లుగా ఆయనది ఇదే పని. బాబాయ్ చేతికి పిల్లినిచ్చినా మ్యావుమనేలోపు తడిపేస్తాడని ల్యాబులో వేళాకోళం. ఆ మెరుపు ఇంట్లో మాత్రం కనబడదని భార్య దెప్పుతుంది. "మీరు చొక్కా గుండీలు పెట్టుకునేసరికి రెండు బస్సులు పోతాయి" అని ఆవేళ పొద్దున కూడా అంది. ఆయన నవ్వి తర్వాతి గుండీ పెట్టుకున్నాడు.

"ఒకటి" అనుకున్నాడు. నీళ్లు బుస్సుమన్నాయి.

ముక్కను గరుకు కాగితాల మీద అరగదీసి, నున్నగా మెరుగుపెట్టి, యాసిడ్ చుక్క వేసి, మధ్యాహ్నానికి మైక్రోస్కోపు కింద పెట్టాడు. ఆ వేడి దగ్గర ఒకే అమరిక ఉండాలి. కానీ రేణువుల అంచుల వెంబడి సన్నటి తెల్లదారం కనిపించింది. కళ్లద్దాలు తుడుచుకుని మళ్లీ చూశాడు. దారం అక్కడే ఉంది, రెండో అమరిక పుట్టిన గుర్తుగా.

ఫర్నేసు వేడిని ఇంకో కొలత తీగ పెట్టి సరిచూశాడు. తేడా లేదు. పక్క బల్ల దగ్గర పరిశోధన చేసే అమ్మాయి తన ముక్క తెచ్చి చూపించింది. ఆ రెండూ ఒకే కడ్డీలోంచి కోసినవి. సోమవారం ఆయన భార్యను కంటి డాక్టరుకు చూపించడానికి సెలవు పెడితే, ఆ ఒక్కదాన్ని ఈ అమ్మాయే ముంచింది. అందులో దారం లేదు.

అదే ఫర్నేసు, అదే వేడి, అవే నీళ్లు. మారింది చెయ్యొక్కటే.

"అమ్మాయ్, ఖాళీ గొట్టంతో చేసి చూపిస్తాను. ఫోన్లో తియ్యి" అన్నాడు. ఈసారి "ఒకటి" పైకే అన్నాడు.

ఫోన్లో ఒక ముసలాయన తీరిగ్గా వంగాడు. తీరిగ్గా లాగాడు. "ఒ...క...టి" అంటూ సాగదీశాడు.

"మూడు సెకన్లు పట్టింది బాబాయ్" అంది అమ్మాయి.

బాబాయ్ ఫోను తీసుకుని మళ్లీ మొదట్నుంచి చూశాడు. చెయ్యి నెమ్మదించిందంటే వయసనుకోవచ్చు. లెక్కపెట్టే మనసు కూడా దాంతో కూడబలుక్కున్నట్టు నెమ్మదించింది. ఎప్పటినుంచో ఆ దేవుడికే తెలియాలి. ఫోను అమ్మాయికిచ్చి, ల్యాబు నడిపే పెద్దసారు దగ్గరికి వెళ్లాడు.

పెద్దసారు గదిలో గోడకు, ముక్కకో చుక్క చొప్పున మూడేళ్లుగా గీసిన పటం వేలాడుతోంది. మర్నాడు పొద్దున్నే పంపాలి. విమానం ఇంజిన్లు చేసేవాళ్లు అందులో స్థితులను విడదీసే గీత చూసే తమ ఫర్నేసుల వేడి పెట్టుకుంటారు.

"గీత తప్పు సార్. నా చెయ్యి ఆలస్యమైంది."

జరిగిందంతా విని సారు కుర్చీలోంచి లేచాడు. "ఎన్ని ముక్కలు?"

"ఏది మంచిదో ఏది కాదో చెప్పలేను. ఈ మూడేళ్లలో నేను ముంచినవన్నీ అనుకోండి."

"ఇంకెవరికి తెలుసు?"

"నాకూ అమ్మాయికీ. ఇప్పుడు మీకు."

సారు కిటికీ వైపు తిరిగాడు. "మూడేళ్ల పనండీ. మళ్లీ మొదట్నుంచి చెయ్యాలి."

"తెలుసు సార్." ఆ మాట అంటుంటే బాబాయ్‌కి సిగ్గుతో తల కొట్టేసినట్టయింది. అయినా బల్లమీది ఎర్ర పెన్సిలు తీసుకుని పటం దగ్గరికి నడిచాడు. ఒక్కో చుక్క చుట్టూ సున్నా చుడుతూ పోయాడు. సోమవారం చుక్కను వదిలేశాడు. సారు ఆపలేదు. చివరికి ఫోనెత్తి, "పటం రేపు రాదు" అని ఎవరికో చెప్పాడు.

పటకారు అమ్మాయి చేతిలో పెట్టి, "మనసులో లెక్క నమ్మకు తల్లీ. గడియారం పెట్టుకో" అన్నాడు బాబాయ్. ఆ సాయంత్రం గేటు దాటినవాడు మళ్లీ రాలేదు. రెండు రోజులకు రాజీనామా కాగితం వచ్చింది.

సారు గది గోడమీద ముప్పైయేడు ఎర్ర సున్నాలు మిగిలాయి, నింపాదిగా చుట్టినవి కావడంతో ఒక్కటీ వంకరపోకుండా.