పండగ మూడోనాడు తవ్విన నేల

ఒడిశాలో రాయగడ రైల్వే కాలనీ వెనకవీధిలో ఉన్న పిల్లల బడికి విశాఖపట్నంలోని హెడ్డాఫీసు నుంచి ఏటా ఒక కేలండరు వస్తుంది. ఏప్రిల్లో మామిడిపండ్ల దినం, జూన్లో విత్తనాల దినం, జూలైలో రెయిన్‌కోటు దినం, డిసెంబర్లో స్వెట్టర్ల దినం. ఎండా వానా తమ ఆఫీసులోనే తయారవుతాయన్న ధీమా ఉంటుంది అందులో. హెడ్మిస్ట్రెస్ ధరణి అది చూసుకుని, ముందురోజు సాయంత్రం తల్లుల వాట్సాప్ గ్రూపులో గుర్తు చేస్తుంది.

ఈ ఏడు విత్తనాల దినం ఒడియావాళ్ళ మూడ్రోజుల రొజొ పండగలో మూడోనాడు పడింది. మొదటి రెండు రోజులూ సెలవు, మూడోనాడు బడి.

ఆ సంగతి ముందుగా పట్టుకున్నది ఆయమ్మ పైడితల్లి. ఆమె తండ్రి పార్వతీపురం నుంచి పట్టాల పనికి వచ్చి ఇక్కడే ఉండిపోయాడు. ఆమె పుట్టిందీ పెరిగిందీ రాయగడలోనే. పదకొండేళ్ళుగా ఆ బడిలో పిల్లల ముక్కులు తుడుస్తోంది. ఆయమ్మ మనవరాలని నాలుగేళ్ళ మనీషాకు అక్కడ ఫీజు లేకుండా సీటిచ్చారు. నడుం నొప్పితో కూడా పైడితల్లి ఆ పని పట్టుకుని వేలాడుతున్నది ఆ సీటు కోసమే.

సెలవులిచ్చే రోజున ధరణి గోడవార నేల చూపించి, మూడోనాడు పొద్దున్నే అది తవ్వి పెట్టాలంది.

“రొజొలో నేల తవ్వకూడదు మేడమ్మా. ఆ మూడ్రోజులూ బూదేవి ముట్టయిందంటారు. ఒడియావోళ్ళు నాగలి ముట్టుకోరు. ఆడగుంటల్ని సెప్పుల్లేకుండా నడవనివ్వరు.”

“మనం నాగలి కడుతున్నామా ఏంటి?” ధరణి ఫోనులోంచి తలెత్తలేదు. భర్త బదిలీ అయితే ఆమె ఈ ఊరొచ్చి రెండేళ్ళయింది.

“ఎప్పట్లాగే కాయితం కప్పుల్లో దూదేసి మొలకెత్తించీమ్మా.”

“పోయినేడు ఆ కప్పుల ఫోటోలు పంపితే హెడ్డాఫీసువాళ్ళు ఏమన్నారో తెలుసా? ఆసుపత్రిలా ఉందన్నారు. పిల్లల చేతులకి మట్టి అంటాలట.”

“ఆల్లకేటి, ఆల్లు ఇశాపట్నంలో కూకున్నారు. ఇక్కడ తల్లులు మనల్ని తినీస్తారు.”

“తల్లులతో నేను మాట్లాడుకుంటాను. నీకు చేతకాదంటే చెప్పు, వేరే ఆయాని చూసుకుంటాను. మనీషాకి నువ్వు వేరే బడి చూసుకుందువుగాని.”

పైడితల్లి గునపం ఎక్కడుందో చూసుకోడానికి వెళ్ళింది.

రెండోనాటి సాయంత్రం గ్రూపులో మెసేజి వచ్చింది. “రేపు విత్తనాల దినం. ఆకుపచ్చ గౌను, నాలుగు చిక్కుడు గింజలు, చేతులు తుడుచుకోవడానికి పాత రుమాలు. మరిచిపోకండి.” నేల తవ్వే మాట అందులో లేదు. తల్లులు ఎప్పటి కప్పులే అనుకున్నారు.

మర్నాడు ఆరింటికే పైడితల్లి గునపం పట్టుకుంది. వానకి నానిన నేలలో అది మొదటి పోటుకే మెత్తగా దిగబడింది. మనీషాను మాత్రం ఇంట్లోనే ఉంచేసింది. “జొరమని సెప్పీస్తాను, పంపకే” అని కోడలికి చెప్పి వచ్చింది.

తొమ్మిదిన్నరకి, పండక్కి పెట్టిన కాళ్ళ పారాణి ఇంకా వెలవని ఆడపిల్లలు పద్నాలుగుమంది ప్లాస్టిక్ పారలతో నేలని పొడిచారు. ధరణి ఫోటోలు తీసి గ్రూపులో పెట్టింది. పది నిమిషాల్లో ఫోన్లు మొదలయ్యాయి. పదకొండింటికి గేటు ముందు తల్లులు నిలబడ్డారు. ధరణి బయటికి రాలేదు. లోపల కూర్చుని ఇంకో మెసేజి కొట్టింది. “మాకు చెప్పకుండా ఆయమ్మ నేల తవ్వింది. రేపు మీ ముందే క్షమాపణ చెబుతుంది.”

పైడితల్లిని గదిలోకి పిలిచింది. “తప్పయిపోయింది, తెలీదు అను. అంతే. నీ పనికి నాది పూచీ.”

“తెల్దని సెప్పాలా?”

“ఏం, నాలుక అరిగిపోతుందా?”

మనీషా సీటు గుర్తుకొచ్చి పైడితల్లి సరేనంది.

మర్నాడు తల్లులు పిల్లల బుల్లి కుర్చీల్లో మోకాళ్ళు మడుచుకుని కూర్చున్నారు. ముందు వరసలో సుభశ్రీ. గ్రూపులో అందరికంటే ముందు పడిన ఫోటో ఆమె కూతురిదే. పైడితల్లి చేతులు జోడించి, ఒడియాలో, తప్పయిపోయిందనీ తనకి తెలియదనీ చెప్పింది.

సుభశ్రీ చెడ్డమనిషి కాదు. “పోనీలే మావుసీ” అంది, పిన్నీ అన్నట్టుగా. “తెలుగుదానివి. మా పండగలు నీకేం తెలుస్తాయి?”

మిగతావాళ్ళు తలలూపారు. ధరణి కుదుటపడింది. అక్కడితో అయిపోయేదే.

కానీ ఆ మాట పైడితల్లికి చురుక్కుమంది. పార్వతీపురం పెళ్ళిళ్ళకి వెళ్తే ఒడియావోళ్ళొచ్చేరంటారు. ఇక్కడ చూస్తే ఇదీ వరస.

“నేనిక్కడే పుట్టేనమ్మా. ఊసొచ్చిన కాణ్ణించి రొజొ ఉయ్యాల ఊగేను. నాకు తెల్దేటి!”

అనేశాక గాని ఏమన్నదో ఆమెకే తట్టలేదు.

సుభశ్రీ నిటారుగా కూర్చుంది. “తెలుసా? అయితే నిన్న మీ మనీషా ఏది? ఒక్క ఫోటోలోనూ లేదు.”

“జ్వరం” అంది ధరణి గబుక్కున.

పక్క తరగతిలో మనీషా అందరికంటే గట్టిగా వానపాట పాడుతోంది. గదిలో అందరూ వింటున్నారు.

“జొరం కాదమ్మా” అంది పైడితల్లి. “మేడమ్మ తవ్వమన్నాది, తవ్వేను. మా గుంట సేత మటుకు తవ్వించలేకపోయేను. నేనే ఆపీసేను.”

“మా పిల్లలైతే పరవాలేదా, మావుసీ?”

మేడమ్మ తవ్వమన్నదన్న ముక్క ఏ తల్లీ పట్టించుకోలేదు. పట్టించుకున్నది ధరణి ఒక్కతే.

“చూశారుగా, ఇలాంటివాళ్ళని పెట్టుకుని బడి నడపాలి” అంది తల్లులతో. తర్వాత పైడితల్లి వైపు తిరిగి, తెలుగులో, గొంతు తగ్గించి, “మనీషాని కూడా తీసుకెళ్ళు” అంది.

“పన్నెండింటికి బడి ఇడిసినాక తీసికెల్తానమ్మా. పాట నేర్సుకుంటన్నాది.”

“ఇప్పుడే.”

తల్లులు కుర్చీల్లోంచి లేవకుండానే మోకాళ్ళు పక్కకి తిప్పి దారిచ్చారు.