మేస్త్రిగారి కాపలా

మొగుడు ఎదురు చెప్పడం మానేశాడని మేస్త్రి భార్య మొదట్లో తెగ సంబరపడింది. ఇన్నేళ్ళ కాపురంలో ఆమె ఒకటంటే అతను రెండనకుండా ఊరుకున్న రోజు లేదు. అలాంటిది, ఆమె వంటింట్లోంచి ఎంత సాధించినా అతను వసారాలో కూర్చుని ఉలుకూ పలుకూ లేకుండా పానాలు తుడుచుకుంటున్నాడు. వయసు మీదపడి బుద్ధి వచ్చిందనుకుంది. ఆ వచ్చిన బుద్ధి ఎంతో చూద్దామని ఒకరోజు వాళ్ళమ్మని కూడా కలిపి తిట్టింది. అప్పటికీ కిక్కురుమనలేదు. అప్పుడు సందేహమొచ్చి, అతని వెనక్కి వెళ్ళి ఇత్తడి గిన్నె ఒకటి కింద పడేసింది. గిన్నె దొర్లుకుంటూ పోయి కాలికి తగిలాక గాని అతను తిరిగి చూడలేదు. ఆ పూట ఆమె ముద్ద ముట్టలేదు.

అతను ఇంజిన్ మేస్త్రి. చేత్తో హ్యాండిల్ తిప్పి స్టార్ట్ చేసే పాతకాలపు డీజిల్ ఇంజిన్లు బాగుచెయ్యడం అతని పని. బతుకంతా వాటి పక్కన నిలబడే గడిపాడు, చివరికి అవే అతని చెవుల్ని తినేశాయి. ఎదురుగా నిలబడి గట్టిగా మాట్లాడితే సగం వినేవాడు, మిగతా సగం పెదాలు చూసి పట్టేసేవాడు. దగ్గరగా ఉంటే, దడదడమనే మోటు చప్పుళ్ళు ఇంకా అందుతున్నాయి. పోయినవి సన్న చప్పుళ్ళు, అతని తిండి ఉన్నది వాటిలోనే.

ఇంజిన్ మొండికేసినప్పుడు ముందు చూడాల్సింది నాజిల్ దాకా డీజిల్ అందుతోందా లేదా అని. లోపలి గాలి బిగువు వదిలే లివర్ పైకెత్తి హ్యాండిల్ తిప్పుతుంటే నాజిల్ లోపల కిర్రు, కిర్రు అని సన్నగా పలకాలి. పలికితే డీజిల్ లోపలికి చిమ్ముతున్నట్టు, జబ్బు ఇంకెక్కడో ఉన్నట్టు. పలకలేదంటే దారిలో ఎక్కడో గాలి పట్టినట్టు. వయసులో ఉండగా మేస్త్రి ఆ చప్పుడుని వీధి మలుపు నుంచే పట్టేసేవాడని చెప్పుకునేవాళ్ళు. అందులో కొన్ని కోతలే అయినా, ఆ పేరు మీదే ఆ ఇంట్లో పొయ్యి వెలిగింది.

"చెవులు పోయాయని బయట తెలిస్తే ఇక నన్ను పిలిచేవాడుండడు," అన్నాడతను, గిన్నె సంగతి బయటపడ్డ రోజున.

"తెలిస్తేగా. ఆ చప్పుడేదో నాకు నేర్పండి," అంది ఆమె.

నేర్చుకుంది. అప్పటినుంచి అతను ఎక్కడికి పనికెళ్ళినా వెంట వెళ్ళేది. ఇంజిన్‌కి అవతల, అతనికి కనపడేటట్టు కూర్చునేది. అతను హ్యాండిల్ తిప్పుతూ ఒకసారి కళ్ళెత్తి చూస్తాడు. నాజిల్ పలికితే ఆమె తలూపుతుంది, పలక్కపోతే ఊరుకుంటుంది. పక్కన నిలబడ్డవాళ్ళకి ఇందులో ఇసుమంతైనా తెలిసేది కాదు.

లోకం మాత్రం దేనికైనా ఓ కారణం అంటగట్టకుండా వదలదు. ఈ వయసులో మొగుణ్ణి క్షణం కూడా విడవకుండా వెంటపడుతోందంటే, ఆయన ఎక్కడో ఏదో వెలగబెట్టే ఉంటాడని తేల్చారు. అనుమానపు మనిషి అన్నారు. కొన్నాళ్ళకి 'కాపలా' అని పేరు పెట్టారు. మేస్త్రి కిందికి వంగితే మళ్ళీ లేవడానికి గోడ పట్టుకోవాలి, ఈయన్ని ఎవరెత్తుకుపోతారని ఆమెకే నవ్వొచ్చేది. ఒంటరిగా బట్టలుతుక్కునేటప్పుడు మాత్రం నవ్వు రాక, ఏడుపొచ్చేది. అయినా నోరు మెదపలేదు. ఆ పుకారు కప్పినంత బాగా ఆ గుట్టుని ఇంకేదీ కప్పలేదని ఆమెకి తెలుసు. వెనకాల అనే మాటలు మేస్త్రికి ఎటూ వినపడవు. చెప్పగలిగింది ఆమె ఒక్కతే, ఆమె చెప్పలేదు.

ఆ రోజు పిలుపు పిండిమర నుంచి వచ్చింది. మర నడిపే ఆవిడని అందరూ మరక్క అంటారు. నోరు పెద్దదే గాని మనసులో విషం లేని మనిషి. ముందుగదిలో మర, కాటా, గోడవార పొడుగాటి బల్ల. వెనకగదిలో ఇంజిన్. రెండింటికీ మధ్య తలుపు లేని గుమ్మం. గోడల మీదా, కిటికీ ఊచల మీదా, ఆఖరికి సాలెగూళ్ళ మీదా పిండి తెల్లగా పేరుకుని ఉంది. బల్ల మీద ఆడవాళ్ళు డబ్బాలు ఒళ్ళో పెట్టుకుని వరసగా కూర్చున్నారు. నిన్న టాంకులో డీజిల్ అయిపోయి ఇంజిన్ దానంతటదే ఆగిందట. మళ్ళీ పోశాక ఎంత తిప్పినా లేవనంటోందట.

"గాలి పట్టి ఉంటుంది," అని మేస్త్రి చొక్కా చేతులు మడిచాడు. టాంకులోకి తొంగి చూశాడు, కింది కుళాయి తెరిచే ఉందని చూసుకున్నాడు. ఫిల్టర్ మీది బోల్టు వదులు చేస్తే నురగ నురగగా బుడగలొచ్చాయి. బుడగలు పోయి డీజిల్ ధారగా వచ్చాక బిగించాడు. పంపు దగ్గరా అలాగే గాలి తీశాడు. భార్య ఎప్పటిలాగే అవతల బోర్లించిన డబ్బా మీద కూర్చుంది.

మరక్క వచ్చి ఆమె చెయ్యి పట్టుకుంది. "ఈ మసిలో ఎందుకక్కా, వచ్చి ముందుగదిలో కూర్చో."

"పర్లేదమ్మా, ఇక్కడే బాగుంది."

"మీ ఆయన్ని ఎవరూ ఎత్తుకుపోరులే. గుమ్మంలోంచి కనపడుతూనే ఉంటాడు."

బల్ల మీద కిసుక్కుమని నవ్వులు వినపడ్డాయి. ఇంకా బెట్టు చేస్తే ఎందుకని ఆరాలు తీస్తారు. ఆమె లేచి వెళ్ళి, గుమ్మంలోంచి మేస్త్రి కనపడే చోట బల్ల చివర కూర్చుంది. చెవులు రెండూ ఇంజిన్ దగ్గరే వదిలి వచ్చినట్టుంది ఆమెకి.

వెనకగదిలో హ్యాండిల్ తిరగడం మొదలైంది. ఆమె ఊపిరి బిగపట్టి వినబోయింది. సరిగ్గా అప్పుడే మరక్క పక్కకి జరిగి, బల్లంతటికీ వినపడేటట్టు అడిగింది.

"అడుగుతున్నానని ఏమనుకోకక్కా. బావగారి మీద నీకు అంత అనుమానమటగా, క్షణం కూడా వదలవట. నిజమేనా?"

బల్ల మీద తలలన్నీ ఆమె వైపు తిరిగాయి. కాదంటే, మరి వెంట ఎందుకు తిరుగుతున్నావని అడుగుతారు. ఔనంటే ఇక్కడితో పోతుంది. తల కొట్టేసినట్టయినా ఆమె కళ్ళు దించుకుని, నిజమేనన్నట్టు తలూపింది.

వెనకగదిలో మేస్త్రి హ్యాండిల్ తిప్పుతూ కళ్ళెత్తి చూసింది ఆ క్షణంలోనే.

అతను లివర్ కిందికి వేశాడు. ఇంజిన్ ఒక్క మూలుగు మూలిగి ఆగిపోయింది. మళ్ళీ తిప్పాడు, మళ్ళీ మూలిగింది. మూడోసారికి అతని చొక్కా వీపుకి అతుక్కుపోయింది. ఈసారి ఆమె బాగా విన్నది. హ్యాండిల్ చప్పుడు వినపడింది, చక్రం చప్పుడు వినపడింది, అతని రొప్పు వినపడింది. కిర్రుమన్న చప్పుడు మాత్రం ఒక్కసారి కూడా వినపడలేదు. సరే, గాలి ఇంకా ఉంది, తను తలూపలేదు గనక ఆయనకీ తెలిసే ఉంటుందనుకుంది.

మేస్త్రి చేతులు తుడుచుకుంటూ గుమ్మంలోకి వచ్చాడు. "డీజిల్ బాగానే చిమ్ముతోంది. అందులో తేడా లేదు. కంప్రెషన్ నిలవట్లేదమ్మా, ఇంజిన్ పైనున్న హెడ్ విప్పి చూడాలి. ఇవాళ్టికి మర ఆడదు."

ఆడవాళ్ళు ఉసూరుమంటూ డబ్బాలు సర్దుకోసాగారు. చిమ్ముతోందని ఈయనకెవరు చెప్పారబ్బా అనుకుంది ఆమె. మరుక్షణం తట్టింది. చెప్పింది తన తలే. ఏ జబ్బూ లేని హెడ్ విప్పేసి, లోపల ఏమీ కనపడక దిక్కులు చూస్తూ నిలబడితే, ఇన్నాళ్ళ పేరు ఈ పిండిలో కలిసిపోతుంది. అదీ తన మూలంగా.

"ఆగండి," అంది. అతను అప్పటికే వెనక్కి తిరిగాడు. వినపడలేదు.

ఆమె లేచి గబగబా వెళ్ళింది. "రెండు నిమిషాలు కూడా ఓర్చుకోలేకపోయింది చూడు," అని బల్ల మీద ఎవరో అన్నారు. మేస్త్రి హెడ్ నట్టుకి పానా తగిలించాడు. ఆమె అతని మణికట్టు పట్టుకుని, కాదన్నట్టు తల అడ్డంగా ఊపింది.

"ఏంటే? నువ్వేగా ఇందాక తలూపావు?" అన్నాడు. తన గొంతు ఎంత పెద్దదో అతనికి తెలీదు. ముందుగదంతా వినపడింది.

మరక్క గుమ్మంలోకి వచ్చి నవ్వింది. "ఊపింది మీక్కాదు బావగారూ, నాకు."

"ఆవిడేమంటోంది?" అని భార్యని అడిగాడు.

"ఏం లేదు. మీ పని మీరు చూసుకోండి."

అతను ఆమె మొహంలోకి చూశాడు. వినపడని మనిషికి మొహాలు చదవడం బాగా వస్తుంది. "ఏం లేకపోతే నీ మొహం అలా ఉండదు," అని మరక్క వైపు తిరిగాడు. "నా ఎదురుగా వచ్చి చెప్పమ్మా. మా ఆవిడ దేనికి తలూపింది?"

మరక్కకి ఇప్పుడు ఇబ్బందిగా ఉంది. "సరదాకి అడిగాలెండి. మీ మీద అనుమానంతో వెంట తిరుగుతుందట కదా, నిజమేనా అని. అందరూ అనేదేగా. కాపలా అని పేరు కూడా..." అంటూ ఆగిపోయింది.

"కాపలా," అన్నాడతను మెల్లగా. భార్య వైపు తిరిగాడు. "ఎన్నాళ్ళ నుంచి?"

ఆమె తలెత్తి అతన్ని చూసింది. ఒకప్పుడు హ్యాండిల్ ఎదురుతన్ని మణికట్టు విరిగితే పళ్ళ బిగువున ఓర్చుకుని నడిచి ఇంటికొచ్చిన మనిషి. ఇప్పుడతని కళ్ళలో నీళ్ళు తిరుగుతున్నాయి. కోప్పడతాడనుకుంది గాని, ఇది ఆమె అనుకోలేదు.

మేస్త్రి పానా కింద పెట్టి, గుమ్మంలోకి వెళ్ళి, బల్ల మీదున్న వాళ్ళందరి ఎదుటా నిలబడ్డాడు.

"మా ఆవిడకి నా మీద అనుమానం లేదు. నాకు చెవులు లేవు. నాజిల్ పలుకుతోందో లేదో నాకు వినపడదు. ఆవిడ విని తలూపితే నేను పని చేస్తున్నా. ఇందాక మీ మాటకి ఊపింది చూసి నాకే అనుకున్నాను. లేని జబ్బుకి హెడ్ విప్పబోయాను. అంతే జరిగింది."

ఆమెకి అతని నోరు నొక్కెయ్యాలనిపించింది. ఇన్నాళ్ళూ కళ్ళలో పెట్టుకుని దాచినదాన్ని ఒక్క నిమిషంలో గుమ్మంలో పారబోశాడు. ఒళ్ళు మండిపోయింది. ఆ మంట అడుగున ఎక్కడో గుండె తేలికపడింది కూడా. అలా తేలికపడినందుకు ఆమెకి సిగ్గేసింది.

బల్ల చివరనున్న మనిషి పక్కావిడ చెవిలో, "ఇన్నాళ్ళూ చెవిటాయన చేత చేయించుకున్నామా," అంది. మేస్త్రికి వినపడలేదు. ఆమెకి వినపడింది.

అతను ఇంజిన్ దగ్గరికి తిరిగొచ్చాడు. "ఇప్పుడు నోటితోనే చెప్పు. ఏం విన్నావు?"

"ఏమీ వినలేదు. ఒక్కసారి కూడా పలకలేదు."

"అయితే గాలి పంపు దాటి నాజిల్ గొట్టంలోకి చేరింది," అన్నాడు. నాజిల్ మొదట్లో ఉన్న నట్టు వదులు చేసి హ్యాండిల్ తిప్పాడు. నట్టు సందులోంచి మొదట ఉత్త గాలి, తర్వాత నురగ, ఆ తర్వాత బుడగలు లేని డీజిల్ ఉమ్మినట్టు బయటికొచ్చింది. బిగించాడు.

"లివర్ నువ్వు పట్టుకో. పలికినప్పుడు చెప్పు. నేను వెయ్యమన్నప్పుడు వెయ్యి."

ఇన్నాళ్ళుగా వెంట తిరుగుతున్నా ఆమె ఏ ఇంజిన్ మీదా చెయ్యి వేసింది లేదు. లివర్ జిడ్డుగా, చల్లగా తగిలింది. అతను రెండు చేతులా హ్యాండిల్ అందుకున్నాడు. చక్రం బద్ధకంగా కదిలి, పుంజుకుంది. కిర్రు. మళ్ళీ కిర్రు. చిన్నప్పటి నేస్తం గొంతు విన్నంత సంతోషమేసింది ఆమెకి.

"పలుకుతోంది," అంది. అతనికి వినపడలేదేమోనని అతని మొహంలోకి వంగి గట్టిగా అరిచింది. "పలుకుతోందండీ."

"వెయ్యి."

వేసింది. ఇంజిన్ ఒక్కసారి దగ్గింది, రెండోసారి దగ్గింది, ఆపైన దడదడా అందుకుంది. గోడల మీది పిండి పొడిపొడిగా రాలింది. ముందుగదిలో డబ్బాలు మర ముందు వరస కట్టాయి.

మరక్క వచ్చి, ఆమె మసి చేతిని తన పిండి చేతుల్లోకి తీసుకుంది. "నన్ను నాలుగు తిట్టక్కా," అంది.

"ఈ చప్పుడులో తిడితే నీకేం వినపడుతుంది. ఇంకోరోజు తీరిగ్గా వచ్చి తిడతాను," అంది ఆమె. మరక్క నవ్వబోయి కళ్ళు తుడుచుకుంది.

ఇంటికి వెళ్ళే దారిలో మేస్త్రి పానాల సంచీ భుజాన వేసుకుని ముందు, ఆమె వెనక. కొంచెం దూరం పోయాక అతను ఆగాడు.

"పక్కన నడు. వెనకనుంచి నువ్వేమంటున్నావో నాకు తెలియట్లేదు."

"తెలియకూడదనే వెనక నడుస్తున్నాను."

పెదాలు చూసి ఆ మాట పట్టేశాడు. నవ్వలేదు. "ఇక పిలుపులు తగ్గుతాయి," అన్నాడు.

"తగ్గుతాయి," అంది ఆమె. అబద్ధం చెప్పాలనిపించలేదు. వచ్చి పక్కన నడిచింది.

వీధి మలుపు దాకా మర చప్పుడు వాళ్ళ వెంటే వచ్చింది. అంటే, ఆమె వెంట వచ్చింది. మలుపు దగ్గర ఆమె నిలబడిపోయింది. ఏంటన్నట్టు చూశాడతను.

"అన్ని దెబ్బలూ సమంగా పడట్లేదు. మధ్యమధ్యలో ఒకటి తడబడుతోంది."

అతని మొహం వెలిగింది. సంచీ కిందికి దించాడు. "ఎప్పుడెప్పుడు? సరిగ్గా విను."

ఆమె కళ్ళు మూసుకుని నడివీధిలో నిలబడి విన్నది. అతను ఆమె పెదాల మీద నుంచి చూపు తిప్పకుండా నిలబడ్డాడు. కూరల సంచులతో పోతున్న ఇద్దరు ఆడవాళ్ళు వాళ్ళని చూసి, దాటాక ఒకరితో ఒకరు ఏదో అనుకున్నారు.

"ఏమన్నారు?" అన్నాడతను.

ఇంతకుముందైతే ఏం లేదనేదే. ఆమె కళ్ళు తెరిచి, అతని ఎదురుగా నిలబడి, వాళ్ళన్న మాటని ఒక్క ముక్క కూడా వదలకుండా చెప్పింది.