దూడ పట్టే బండి

“హీటరు లేని బండి నాకొద్దని మొన్నా చెప్పాను, నిన్నా చెప్పాను. ఇంకెన్నిసార్లు చెప్పించుకుంటావు?” వెర్నా బంగాళాదుంపల గిన్నెని బల్ల మీద కాస్త గట్టిగానే పెట్టింది.

“అంత చలైతే ఇంట్లో పొయ్యి పక్కన కూర్చో. ఎవరొద్దన్నారు?” అన్నాడు భర్త ఓరిన్, మాంసం కోసుకుంటూ.

“కూర్చుంటా సరే. ఆవులకి పురుళ్లు నువ్వు పోస్తావా? కిందటేడు ఒక్కదానికైనా ఒళ్లు వంచావా?”

కొడుకు టేట్ నవ్వాడు. కోడలు బ్రిట్ తలెత్తకుండా చిక్కుడు గింజలు నములుతోంది.

మేత మోసే పాత బండి మూలనపడ్డప్పటి నుంచి ఆ ఇంట్లో రాత్రి భోజనాల దగ్గర ఇదే పంచాయితీ. చూడ్డానికి చిన్న జీపులా ఉండి, వెనక తొట్టి ఉండే బండి అది. అమెరికాలోని మోంటానాలో పశువులున్న ఇంటికి అది లేకపోతే పూట గడవదు. వెర్నా మూడు రకాలు చూసొచ్చింది. నోటుపుస్తకంలో గళ్లు గీసి, ఏది ఎంత బరువు లాగుతుందో, ఎంత లోతు మంచులో నడుస్తుందో, దేని తొట్టి ఎత్తి ఒంపొచ్చో రాసుకుంది. ఓరిన్‌కి నచ్చింది నాలుగోది. సన్నగా ఉంటుంది. తొట్టి పేరుకే. కొండదారుల్లో షికారుకి బాగుంటుంది.

“అందులో దూడని ఎక్కడ పడుకోబెడతావు, నీ ఒళ్లోనా?”

మార్చి మంచులో పుట్టిన తడి దూడని ఎత్తి, కాళ్ల దగ్గర వెచ్చని గాలి తగిలేచోట వేసుకోవాలి. లేకపోతే కాసేపట్లోనే చెవులు గడ్డకట్టుకుపోతాయి. తల్లి ఆవు వాసన పట్టుకుని బండి వెంట వస్తుంది. ఆ పని ఇన్నేళ్లుగా వెర్నాదే.

“కొలిచి చూడకుండానే పట్టదంటే ఎలా?” అన్నాడు ఓరిన్.

మర్నాడే ఆమె దూడ పొడుగున తాడు కత్తిరించుకుని టౌనులో బండ్లమ్మే లైల్ దగ్గరికి వెళ్లింది. సన్న బండిలోకి వంగి తాడు పరిచింది. జానెడు బయటికి వేలాడింది.

“ఎందుకండీ ఈ కొలతలు?” నవ్వాడు లైల్. “ఓరిన్ ఈ బండే కావాలని చెప్పి పదిహేను రోజులైంది. ఫిబ్రవరిలో ఆవులన్నీ లారీ ఎక్కేస్తున్నాయిగా, ఇక హాయిగా తిరగండి ఇద్దరూ.” ఆమె మొహం చూసి ఆగాడు. “మీకు... తెలుసనుకున్నానండీ.”

“తెలుసులే,” అంది వెర్నా, తాడు వేళ్లకి చుట్టుకుంటూ.

ఇంటికొచ్చే దారంతా ఆ పదిహేను రాత్రులే కళ్లముందు తిరిగాయి. తను నోటుపుస్తకంలోంచి చదువుతుంటే ఓరిన్ అడ్డు చెప్పాడు. జవాబు చెబితే, అదీ నిజమే అని ఇంకో ప్రశ్న వేశాడు. పెన్సిలు మొన విరిగితే టేటే చెక్కిచ్చాడు.

ఓరిన్ కొట్టం దగ్గర గేటుకి మేకులు కొడుతున్నాడు. టేట్ గేటు పట్టుకుని నిలబడ్డాడు.

“ఎవరికమ్మావు?” అడిగింది వెర్నా.

సుత్తి ఆగింది. “ఆ లైల్‌గాడి నోరు...”

“అతన్నెందుకు? ఎవరికి?”

“బిల్లింగ్స్ ఊరి అవతల ఒకాయనకి. నా మోకాళ్లు అయిపోయాయి, వెర్నా. వీడికీ పశువులంటే ఇష్టం లేదు.”

“నాకుందిగా. నన్నడిగావా?”

“అడిగితే ఒప్పుకుంటావా?”

“ఒప్పుకోననే అడగలేదు. మరి రోజూ బండి సంగతి ఎందుకు తిరగేశావు?”

“నీ ధ్యాస దాని మీదుంటే మిగతాది పట్టించుకోవని...” అని కింద పడ్డ మేకుల కోసం వంగాడు.

వెర్నా గొంతు తగ్గింది. “మా నాన్న ముద్ర ఉన్న ఆవులు కూడానా?”

తండ్రి పోయాక ఆయన ముద్ర ఆమె పేరు మీదికి వచ్చింది. మందలో అరవై మూడు ఆవులకి ఎడమ తుంటి మీద అదే కాల్చి ఉంటుంది. లారీ ఎక్కించే ముందు ప్రభుత్వ మనిషి వచ్చి ఒక్కో ముద్రా చూస్తాడు. ఎవరి ముద్రైతే వాళ్ల సంతకం ఉండాలి.

“నా సంతకం లేకుండా ఎలా కదుల్తాయి?”

ఓరిన్ మేకులు ఏరుకుంటున్నాడు. జవాబు టేట్ చెప్పాడు.

“లారీలొచ్చే రోజు కాగితాలన్నీ ఒకేసారి తెస్తానన్నాడమ్మా నాన్న. నువ్వు చదవవుగా. వేలు పెట్టి చూపించిన చోట సంతకం పెట్టేస్తావు.”

వాడు వెక్కిరింతగా అనలేదు. ఇంట్లో అందరికీ తెలిసిన సంగతిలా అన్నాడు. ముప్పై నాలుగేళ్లుగా ఆమె దాన్ని నమ్మకం అనుకుంది.

“బ్రిట్‌కి కూడా తెలుసా?”

“తెలుసు.”

వెర్నా ఇంట్లోకి వెళ్లి బీన్సు పొయ్యి మీద పెట్టింది.

భోజనాల దగ్గర ఆ రాత్రి ఎవరూ బండి ఊసెత్తలేదు. బ్రిట్ రొట్టె అందిస్తూ, “అత్తయ్యా, నేను చెబుదామనే...” అంది. వెర్నా రొట్టె తీసుకుని బల్ల మధ్యన పెట్టింది. ఓరిన్ గొంతు సవరించుకుని, చలి బాగా ముదురుతోందన్నాడు. టేట్ అవునన్నాడు.

అందరి పళ్లేల్లోకీ వడ్డన అయ్యాక వెర్నా కూర్చుంది.

“మీ ముద్ర ఉన్నవి మీరు అమ్ముకోండి,” అంది, ఉప్పు అందించమన్నంత మామూలుగా. “నా అరవై మూడూ ఎక్కడికీ వెళ్లవు. రేపు ఆ బిల్లింగ్స్ ఆయనకి నేనే ఫోన్ చేసి చెబుతాను. మార్చిలో పురుళ్లకి పక్క ఊరి నుంచి మనిషిని పెట్టుకుంటున్నాను, మీరెవరూ రానక్కర్లేదు. ఇక నుంచి ఈ ఇంట్లో ఏ కాగితమైనా నేను చదివాకే సంతకం పెడతాను.”